ఓటర్ల ఫిరాయింపులకు అడ్డుకట్ట ఎప్పుడు?

2024 ఏప్రిల్‌లో, ఎండకి కాకులు కూడా నోళ్ళు తెరిచిన వేళ, మా ఊళ్ళో మా ఇంటికి ఒక నాయకుడు వచ్చారు. మెడలో కొత్త కండువా. ఆయన ప్రజాజీవితంలో అది నాలుగోది, ఇంకా మడతలు కూడా పోలేదు. అరుగు మీద కూర్చుని, గ్లాసుడు మజ్జిగ తాగి, మా అమ్మని అడిగారు.

"ఏం పిన్నిగారూ, ఈ ఇంట్లో మన ఓట్లు ఎన్ని?"

"ఓట్లు ఆరున్నాయి నాయనా. 'మన' అంటే ఈసారి ఏ గుర్తో చెప్పు, లెక్కపెట్టి చెబుతా."

నాయకుడుగారి ముఖం చిన్నబోయింది. "మీ బావగారు బతికున్న రోజుల్లో ఈ గుమ్మం ముందు ఓటు అడగాల్సిన పనే ఉండేది కాదు పిన్నిగారూ. ఇంటి మీద జెండా చూసుకుని ముందుకి వెళ్ళిపోయేవాళ్ళం. ఈ కాలం జనానికి విశ్వాసం అన్నదే లేకుండా పోయింది" అంటూ కండువా అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. కొత్త గుడ్డ కదా, కాస్త రంగు అంటుకుంది.

ఆ దృశ్యం చూశాక నాకు నిద్ర పట్టలేదు. నాయకులు పార్టీ మారితే గగ్గోలు పెట్టడానికి టీవీలున్నాయి, ఆపడానికి చట్టం ఉంది, తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా దారి ఉంది. ఓటరు పార్టీ మారితే అడిగే నాథుడు లేడు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి నాకు తోచిన ముసాయిదా ఒకటి పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు ఉన్న చట్టం సంగతి. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యేగారు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చి, 'ఆయారాం గయారాం' అనే మాటని దేశానికి ప్రసాదించారు. ఆ దెబ్బకి మనవాళ్ళు వెంటనే మేలుకొని, 18 ఏళ్ళ తర్వాత, 1985లో 52వ రాజ్యాంగ సవరణ చేసి పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు. అప్పట్లో మూడో వంతు మంది కలిసి బయటికొస్తే దాన్ని చీలిక అని వదిలేసేవారు. 2003లో 91వ సవరణతో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది కలిసి వెళితేనే విలీనం. అంటే చిల్లరగా మారితే నేరం, హోల్‌సేల్‌గా మారితే సిద్ధాంతం.

ఈ చట్టం తెలుగువాళ్ళకి ఒంటబట్టినంతగా ఇంకెవరికీ పట్టలేదు. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌కి మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. పదకొండు కాదు, పదమూడు కాదు. మా లెక్కల మాస్టారు బతికుంటే నూటికి నూరు వేసేవారు. ఆంధ్రలో 2014 తర్వాత వైఎస్సార్సీపీ ఎమ్మెల్యేలు 67 మందిలో 23 మంది సైకిల్ ఎక్కారు, అందులో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019 మే 23న ఓట్లు లెక్కపెడితే ఆ సైకిల్‌కి వచ్చిన సీట్లు 23. 2024లో ఒక ఎమ్మెల్యేగారు బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన సీటు వదలకుండానే కాంగ్రెస్ టికెట్ మీద సికింద్రాబాద్ లోక్‌సభకి పోటీ చేశారు. ఒక పీట మీద కూర్చుని ఇంకో విస్తట్లో భోంచేయడం అందరికీ చేతనయ్యే విద్య కాదు. అప్పుడు గోడ దూకిన పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కి చెప్పేసరికి 2025 జూలై నెలాఖరు అయింది.

సరే, నాయకుల సంగతి చట్టం ఇలా కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఓటర్ల మాటేమిటి? ఆంధ్రలో 2019లో వైఎస్సార్సీపీకి 151 సీట్లు ఇచ్చిన వాళ్ళే 2024లో 11 ఇచ్చారు. తెలంగాణలో 2018లో టీఆర్ఎస్‌కి 88 ఇచ్చిన వాళ్ళు, అది బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్నాక 2023లో 39 ఇచ్చి, ఆ మరుసటేడు లోక్‌సభకి ఒక్కటీ ఇవ్వలేదు. ఆంధ్ర అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 2014లో సున్నా, 2019లో సున్నా, 2024లో సున్నా. ఇన్ని లక్షల మంది పట్టపగలు వరసలో నిలబడి, వేలికి సిరా పూయించుకుని మరీ ఫిరాయించారు. ఒక్కరి మీదైనా అనర్హత వేటు పడిందా?

అందుకే నా బిల్లు. దేశమంతా ఒక్కసారి అమలు చేయడం కష్టం కనుక మా ఇంటిని నమూనాగా తీసుకున్నాను. సభ్యులు ఆరుగురు: అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు. నా ఓటు హైదరాబాద్‌లో ఉంది. ఆ నగరంలో సగానికి సగం మంది ఓటే వేయరు కాబట్టి మాకు ఫిరాయింపు సమస్య లేదు.

పదో షెడ్యూల్ ప్రకారమే పోతే మా ఇంట్లో నలుగురు కలిసి గుర్తు మారిస్తే విలీనం, శిక్ష లేదు. ముగ్గురైతే ఫిరాయింపు. నామినేటెడ్ సభ్యులకి పదవిలోకి వచ్చాక ఆరు నెలల్లో ఏదో ఒక పార్టీ ఎంచుకునే వీలు ఉంది కదా, కాపురానికి వచ్చిన కోడలికి ఆ నిబంధన వర్తిస్తుంది. ఆరు నెలలు దాటితే అత్తగారి పార్టీయే ఆమె పార్టీ. ఇక అనర్హత మీద నిర్ణయం స్పీకర్‌ది. మా ఇంటి స్పీకర్ అమ్మ. గడువంటూ ఏమీ ఉండదు.

ఈ ఇల్లు మొదటినుంచీ ఇలా లేదని విన్నవించుకోవాలి. మా పెదనాన్న పాతకాలం కాంగ్రెస్ మనిషి. కాడెద్దులకి వేశారు, ఆవూదూడకి వేశారు, చెయ్యికి వేశారు. పార్టీ గుర్తు మూడు మారినా ఆయన మారలేదు. 1977లో ఉత్తరాది అంతా ఇందిరాగాంధీని ఊడ్చిపారేస్తే ఆంధ్రప్రదేశ్ 42లో 41 సీట్లు కాంగ్రెస్‌కి ఇచ్చింది. (మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు.) ఆ 41లో తన వాటా ఉందని పెదనాన్న చనిపోయేదాకా చెప్పుకున్నారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా అవతలివాళ్ళు ఏ పార్టీ అని విచారించేవారు. గోత్రం సర్దుకోవచ్చు, పార్టీ సర్దుకోలేం అనేవారు.

అదంతా సిద్ధాంతబలం అని నేను చాలాకాలం నమ్మాను. ఈ వ్యాసం కోసం కాగితాలు తిరగేస్తుంటే ఆయన పట్టాదారు పాసుపుస్తకం కనిపించింది. నాలుగెకరాలు, కాలువ కింద మాగాణి. సొసైటీలో అప్పు పుట్టేది. ఒక కొడుక్కి ఆర్టీసీలో ఉద్యోగం, నెల జీతం, ఆ తర్వాత కుటుంబానికి బస్సు పాసులు. పార్టీ గెలిచినా ఓడినా ఆయన గాదెలో గింజ తరిగేది కాదు. ఓడిన పార్టీని ప్రేమించాలంటే రాత్రి అన్నానికి లోటు ఉండకూడదు కాబోలు.

ఎందుకంటే ఆయన తమ్ముడు, అంటే మా నాన్న, అదే ఇంట్లో పుట్టి అదే జెండా కింద పెరిగినవాడే. కాకపోతే ఆయన వాటా అప్పటికే తాకట్టులో ఉంది. 1982 మార్చి 29న ఎన్టీ రామారావుగారు పార్టీ పెట్టి, కిలో రెండు రూపాయలకి బియ్యం అన్నారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఎన్నికలు, 1983 జనవరిలో నాన్న సైకిల్‌కి గుద్ది వచ్చారు. "అన్నం పెట్టిన చేతిని నరుకుతావురా?" అని పెదనాన్న గుమ్మంలో నిలదీశారు. "అన్నం పెట్టేది ఎవరో రేపు రేషన్ షాపులో తెలుస్తుందిలే అన్నయ్యా" అన్నారట నాన్న. అన్నదమ్ములిద్దరూ రెండేళ్ళు మాట్లాడుకోలేదు. మా వంశంలో మొదటి ఫిరాయింపు అదే. ఇప్పటి లెక్కల్లో చీలిక కిందకి కూడా రాదు.

ఇక ఇప్పటి సభ్యుల మీద నా అభియోగపత్రం.

అమ్మ వితంతు పింఛనుదారు. ఆవిడకి ముఖ్యమంత్రుల పేర్లతో పని లేదు, అంకెలతోనే పిలుస్తుంది. రాజశేఖరరెడ్డిగారు "200 ఆయన". చంద్రబాబుగారు "200ని 1000 చేసి, ఎన్నికల ముందు 2000 చేసినాయన". జగన్‌గారు "2250 దగ్గర మొదలెట్టి 3000 చేసిన అబ్బాయి". 2024 జూలై 1న బకాయిలతో కలిపి ఒక్కసారే 7000 చేతిలో పడ్డాయి, ఆ నెల నుంచి "2000 ఆయనే 4000 అయ్యాడు". చరిత్ర పాఠాలు ఇలా రాసుంటే నేను పదో తరగతిలో ఫస్టు వచ్చేవాణ్ణి. ఇందులో పార్టీ విధేయత ఏ మూల ఉందో భూతద్దం పెట్టి వెతికాను. ఒకటో తారీఖు మీద మాత్రం ఆవిడకి అచంచలమైన విధేయత ఉంది.

వదిన డ్వాక్రా గ్రూపులో సభ్యురాలు. 2019 ఎన్నికల ముందు పసుపు కుంకుమ కింద 10 వేలు తీసుకుంది, ఫ్యాన్‌కి వేసింది. తర్వాత ఆసరా విడతలు తీసుకుంది, సైకిల్‌కి వేసింది. "పసుపు కుంకుమ తీసుకుని మాట తప్పొచ్చా వదినా?" అంటే, "పసుపు కుంకుమ ఇచ్చినవాళ్ళకి మొక్కుతాం గానీ వాళ్ళింటికి కాపురానికి వెళ్ళిపోతామా?" అంది. ఇలాంటి కేసులో విప్ ఎలా జారీ చేయాలో రాజ్యాంగ నిపుణులే చెప్పాలి.

అన్నయ్యది మరీ చిక్కు కేసు. నాన్న వాటా కరిగిపోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలి పెళ్ళికి కొంత, పిల్లల కార్పొరేట్ కాలేజీలకి కొంత. ఇప్పుడు ఆయన అయిదెకరాలు కౌలుకి చేస్తాడు. పండినా మునిగినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. ప్రభుత్వాలు ఇచ్చే పెట్టుబడి సాయం చాలాచోట్ల పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాకే వెళుతుంది. సాగుదారులకి హక్కు పత్రం ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చింది. దానికి యజమాని ఒప్పుకుని 11 నెలల కాగితం మీద సంతకం చేయాలి. ఆ యజమానిగారు డల్లాస్‌లో ఉంటారు. సంతకం చేస్తే పొలం పోతుందేమోనని ఆయన భయం.

ఆ యజమానిగారి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ వ్యాసం పాపం కట్టుకుంటుంది. పార్టీ విధేయత చచ్చిపోయిందని బాధపడేవాళ్ళు ఒక్కసారి ఆయన్ని చూడాలి. కారుకి పార్టీ జెండా, ఫోన్‌లో నాయకుడి బొమ్మ, వారాంతంలో ఊరేగింపు. అక్కడ పార్కింగ్ స్థలాల్లో కేకు కోసి, పాలాభిషేకం చేసి, ఆ తర్వాత శుభ్రంగా తుడిచి మరీ వెళతారట. 2024 ఎన్నికలకి టికెట్ కొనుక్కుని వచ్చి పదిహేను రోజులు ఊళ్ళో తిరిగారు. అన్నయ్యకి ఇప్పటికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతుంటారు: "అన్నా, ఏమైనా కానీ, మన పార్టీని మాత్రం వదలొద్దు." హక్కు పత్రం గురించి అన్నయ్య పెట్టిన మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

గచ్చిబౌలిలో నా స్నేహితులూ ఇంతే. జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడేవాడు, ఇంటి వాయిదా పోను ఇంకా మిగిలేవాడు, తండ్రి పార్టీని తాత గడియారంలా జాగ్రత్తగా కట్టుకుని తిరుగుతాడు. మా పెదనాన్న నాలుగెకరాల మాగాణి ఎక్కడికీ పోలేదు, అమెరికా వెళ్ళిందంతే. నా ముసాయిదాలో దీనికోసం ఒక ఉపనిబంధన చేర్చాను: పార్టీ విధేయత నిలకడగా ఉండాలంటే ప్రతి ఓటరుకీ డల్లాస్‌లో ఒక ఉద్యోగం ఇప్పించవలెను. ఆర్థికశాఖ అభ్యంతరం చెబుతుందని తెలుసు.

పెద్దకోడలు 2019లో గ్రామ వాలంటీర్ అయింది. 50 ఇళ్ళ బాధ్యత, నెలకి 5 వేల గౌరవ వేతనం. జీతం అంటే హక్కులొస్తాయి కాబట్టి గౌరవం అన్నారు. 2024 ఉగాదికి అవతలి కూటమి 10 వేలిస్తామంది. ఇవతలివాళ్ళు రాజీనామా చేసి మా ప్రచారానికి రమ్మన్నారు. రాష్ట్రంలో ఇలాంటి వాళ్ళు రెండున్నర లక్షల మంది. ఎన్నికలయ్యాక అసలు వ్యవస్థే లేకుండా పోయింది. "ఫ్యాన్ ఆగిపోయింది, సైకిల్ ఎక్కనివ్వలేదు మావయ్యా" అంటోంది. ఆ అమ్మాయికి ఆరు నెలల గడువు ఇచ్చి పార్టీ ఎంచుకోమన్నాను. ఎవరు ముందు పని ఇస్తే వాళ్ళ పార్టీ అట. నిజానికి నాయకులు చెప్పే మాట కూడా ఇదే. కాకపోతే వాళ్ళు 'నియోజకవర్గ అభివృద్ధి కోసం' అంటారు.

ఆమె భర్త హైదరాబాద్‌లో ఒక డెలివరీ యాప్‌కి బండి నడుపుతాడు. నాలుగేళ్ళు ఎండనీ వాననీ చూడకుండా తిరిగి, రేటింగ్ చుక్కలు తగ్గకుండా కాపాడుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఐడీ పనిచేయలేదు. అడగడానికి ఆఫీసు లేదు, తిట్టడానికి మనిషి లేడు. చాట్‌లో అడిగితే 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని వచ్చింది. వారం తర్వాత వేరే యాప్‌లో చేరాడు. "చొక్కా రంగు మారింది బాబాయ్, బండి అదే" అన్నాడు. ఫిరాయింపు గురించి వాడికి ఎలా హితబోధ చేయాలో నాకు తెలియలేదు. చిన్నవాడు ఒక ప్రభుత్వ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్. ప్రభుత్వం మారిన ప్రతిసారీ వాడి టేబుల్ ఉంటుందా అని టెన్షన్. వాడు మాత్రం గెలిచేవాళ్ళకి వేస్తాడు, పోలింగ్‌కి ముందు వారమంతా గెలిచేదెవరో విచారిస్తాడు. ఈ ఇంట్లో అంతో ఇంతో రాజకీయ చైతన్యం ఉన్నది వాడికే.

పర్మినెంటు ఉద్యోగులైనా నిలబడతారనుకుంటే వాళ్ళూ అంతే. వారంలో సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టించుకునే పింఛను పథకం) రద్దు చేస్తామంటే 2019లో నమ్మారు. 2022 ఫిబ్రవరి 3న అదే ఉద్యోగులు పీఆర్సీ (వేతన సవరణ) మీద 'చలో విజయవాడ' అని బెజవాడ రోడ్లు నింపేశారు. రిటైరయ్యాక పింఛను ఎంతొస్తుందో తెలియని టీచరుగారు పిల్లలకి నిలకడ గురించి పాఠం చెప్పాలి.

ఎటు ఫిరాయించాలో తోచక తామే అభ్యర్థులైపోయినవాళ్ళు కూడా ఉన్నారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకి 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. పసుపుకి, ఎర్రజొన్నకి గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చితే గానీ పేర్లు పట్టలేదు. ఓటేయడానికి వెళ్ళిన ముసలమ్మ గుర్తు వెతుక్కుంటూ గది ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడవాలన్నమాట. లోక్‌సభకి డిపాజిట్ 25 వేలు. ధర రాని రైతు అది కూడా పోగొట్టుకుని తన బాధ చెప్పుకున్నాడు. సిట్టింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె, 70 వేల చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచిన బీజేపీ అభ్యర్థి అయిదు రోజుల్లో బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. ఆ బోర్డు 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో మొదలైంది. దేవతల కాలమానంలో అయిదు రోజులంటే మనకి అయిదేళ్ళని నేను చిన్నప్పుడే విన్నాను. మధ్యలో 2024లోనూ ఆయనే గెలిచారు. ఆ సీజన్‌లో పసుపు ధర బాగా పలికింది లెండి.

కానీ ఆ బాండ్ పేపర్ ఉందే, అది నాకు నచ్చింది. తరాల నాటి మాటపట్టింపుల స్థానంలో స్టాంపు కాగితం వచ్చింది. ఓటరు నాయకుణ్ణి అద్దెకున్నవాడిలా చూడటం మొదలెట్టాడు. ముందు అడ్వాన్సు, ఆ తర్వాతే తాళంచెవి. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకి కవర్లు అందలేదని జనం రోడ్డెక్కారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు అప్పట్లో 30 లక్షల 80 వేలు దాటకూడదని నిబంధన ఉండేది కాబట్టి ఆ కవర్లలో ఏముండేదో నేను ఊహించదలచుకోలేదు. బహుశా మేనిఫెస్టోలు.

ముసాయిదా పూర్తయ్యేసరికి జూన్ 4 ఫలితాలూ వచ్చాయి, ఆ తర్వాత మరో ఏడాదీ గడిచింది. మొన్న ఊరెళితే అదే అరుగు మీద అదే నాయకుడుగారు. మెడలో అయిదో కండువా అనుకున్నాను. కాదు, మొదటిదే, బీరువాలోంచి తీశారు. నాఫ్తలీన్ వాసన వస్తోంది. పత్రికలు దీన్ని 'సొంతగూటికి చేరడం' అంటాయి. మా వదిన గుర్తు మారిస్తే 'ఓటు బ్యాంకుకి గండి' అంటాయి.

ఆయన ఎదురుగానే నా బిల్లు చదివి వినిపించాను. నాయకుడుగారు ఆనందబాష్పాలు రాల్చారు. పాత కండువా కాబట్టి ఈసారి రంగు అంటలేదు. అమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ మొత్తం విని అడిగింది.

"అయితే ఈ చట్టం వచ్చాక మా ఓట్లు ఎప్పటికీ ఒకళ్ళకేనా?"

"అంతే కదమ్మా. విధేయత."

"మరి ఈ అబ్బాయి మజ్జిగ తాగడానికి ఎందుకొస్తాడు?"

నాయకుడుగారు గ్లాసు కింద పెట్టారు.

"పింఛను మూడు నుంచి నాలుగు ఎందుకైందిరా మరి?" అంది అమ్మ, రాయి ఒకటి ఏరి వాకిట్లోకి విసురుతూ. తర్వాత నా ముసాయిదా తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డూ పింఛను పుస్తకమూ ఉండే డబ్బాలో అడుగున పెట్టింది. నిర్ణయం ఎప్పుడని అడిగాను. "చూద్దాంలే" అంది.

ప్రస్తుతం బిల్లు స్పీకర్‌గారి పరిశీలనలో ఉంది.